ఆఖరి గుడిసె

ఫోన్ మోగేసరికి హైమ పెనం మీద రెండో పెసరట్టు తిప్పుతోంది. మొదటిది మూడు ముక్కలైంది. ఎవరి కంటా పడకముందే దాన్ని నోట్లో కుక్కుకుంది కాబట్టి, కాలిన నాలుకతో హా హా అని గాలి పీల్చుకుంటూ ఫోన్ అందుకుంది. సందేశం ల్యాబ్‌లో తన పై అధికారి కామాక్షి మేడం దగ్గర్నుంచి. ఆవిడ ఎప్పుడు రాసినా టెలిగ్రాంలాగే ఉంటుంది. ఇదీ అంతే.

"కమిటీ ఒప్పుకుంది. గురువారం ఆపరేషన్. మీ వదినకి చెప్పు."

హైమ అట్లకాడ చేత్తో పట్టుకునే గెంతింది.

"దినూ! ఒప్పేసుకున్నారు దినూ!"

దినకర్ ఒక చెంప నురగతో, ఒక చెంప నున్నగా పరుగెత్తుకొచ్చాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక పెళ్ళాన్ని ఎత్తి గిర్రున తిప్పాడు. ఆ వంటింట్లో ఒక మనిషి తిరగడానికే చోటు చాలదు. కందిపప్పు డబ్బా కింద పడింది. పెనం మీద అట్టు మాడింది. హైమ మొహమంతా గడ్డం నురగ.

"దింపు! వదిన చూస్తే ఏమనుకుంటుంది?"

"ఏమనుకుంటుంది, నవ్వుకుంటుంది."

పెళ్ళయి నాలుగు నెలలు. హైమకి ఇంకా అన్నీ ముచ్చటే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం ముచ్చట. పొద్దున్నే పేపరు కోసం పోట్లాడుకుని, చివరికి ఇద్దరూ చదవకుండా మడిచి పెట్టెయ్యడం ముచ్చట. సీతమ్మధారలో ఈ మూడో అంతస్తు ఫ్లాటుకి రెండు అపార్ట్‌మెంట్ల సందులోంచి జానెడు సముద్రం కనిపిస్తుంది. ఆ జానెడు కనిపించే చోట వదిన మంచం వేశారు.

వదిన పేరు సులోచన. దినకర్‌కి అక్క. నలభై మూడేళ్ళు. ఒకప్పుడు విద్యుత్ సబ్‌స్టేషన్లో ఇంజనీరు. మూడేళ్ళ కిందట మెదడులో రక్తనాళం చిట్లి, ఒళ్ళంతా రాయిలా అయిపోయింది. మాట పోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. కదిలేది ఎడమ కంటి రెప్ప ఒక్కటే. ఒకసారి వాలిస్తే అవును, రెండుసార్లు వాలిస్తే కాదు. ఇది డాక్టర్లు నేర్పిన భాష. గబగబా నాలుగైదుసార్లు టపటపలాడిస్తే మటుకు అది నవ్వు. ఆ సంగతి డాక్టర్లకి తెలీదు, ఇంట్లో కనిపెట్టింది. కొత్త దంపతులు వంటింట్లో గుసగుసలాడుకుంటూ ఉంటే, బయటికి వచ్చేసరికి ఆ రెప్ప టపటపలాడుతూ ఉండేది. హైమ సిగ్గుతో చచ్చిపోయేది.

ఇద్దరూ మంచం దగ్గరికి పరుగెత్తారు.

"అక్కా, గురువారం! నీ చెయ్యి నీకు వచ్చేస్తోంది. కంప్యూటర్లో ఏది కావాలంటే అది నువ్వే నొక్కుకోవచ్చు, ఉత్తరం రాసుకోవచ్చు, నన్ను తిట్టుకోవచ్చు. సంతోషమేనా?"

రెప్ప కదిలింది. మెల్లిగా, బరువుగా, తడిసిన తెరలా కిందికి దిగింది. దిగి, అక్కడే ఉండిపోయింది. హైమ తెలియకుండానే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దినకర్ వేలి కొసతో రెప్పని పైకెత్తాడు.

"అలసిపోయింది పాపం," అన్నాడు.

హైమ తల ఊపింది. కానీ లోపల ఏదో గీరుకుంది. వదిన నవ్వి ఎన్నాళ్ళైంది? ఉగాది నాడు పచ్చడిలో ఉప్పు ఎక్కువైనప్పుడు నవ్వింది. ఆ తర్వాత? గుర్తు రాలేదు. కింద పడ్డ పప్పు ఏరుతూ కూర్చుంది. ఏరిన పప్పునే మళ్ళీ ఏరింది.

*

అసలు హైమకీ దినకర్‌కీ పరిచయమైందే ఆ చెయ్యి వల్ల.

రెండేళ్ళ కిందట దినకర్ ఒక బూట్ల పెట్టె చంకలో పెట్టుకుని హైమ పనిచేసే ల్యాబ్‌కి వచ్చాడు. పక్షవాతం వచ్చినవాళ్ళ మెదడులోని ఆలోచనని చదివి తెరమీద బాణాన్ని కదిలించే పరికరం అక్కడ తయారవుతోందని విన్నాడు. పెట్టె బల్ల మీద పెట్టి, "ఇందులో మా అక్క చెయ్యి ఉందండీ," అన్నాడు. హైమ ఫక్కున నవ్వింది. పెట్టెలో పాత సీడీలు.

సప్తదుర్గం అనే పాత కంప్యూటర్ ఆట అది. ఏడు కోటలు, రెండు సైన్యాలు. చదరంగంలా నీ వంతు, నా వంతు అని ఆగదు. నువ్వు ఇక్కడ చెరువు తవ్విస్తూ ఉండగానే అవతలివాడు అక్కడ ఏనుగుల్ని తోలుకొస్తూ ఉంటాడు. సులోచన కాకినాడలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ హాస్టల్లో ఆ ఆటలో ఆమెని ఓడించినవాళ్ళు లేరు. ఆ ఆటకి ఒక మంచి గుణం ఉంది. ఆడిన ప్రతి ఆటనీ దాచుకుంటుంది. బొమ్మగా కాదు, ఏ క్షణంలో ఎక్కడ నొక్కారు అన్న వరసగా. ఆ పెట్టెలో ఆరువందల పదకొండు ఆటలున్నాయి. ఇరవై ఏళ్ళ కిందటి చెయ్యి, క్లిక్కు క్లిక్కుగా.

కామాక్షి మేడానికి ఆ క్షణంలోనే ఆలోచన మెరిసింది. సులోచన పుర్రె కింద ఎలక్ట్రోడ్ల పొర ఒకటి తాత్కాలికంగా అమర్చి, ఆమె ఆటలే ఆమెకి చూపించారు. తన ఆట తనే చూస్తున్న మనిషికి, తర్వాతి క్లిక్కు తెరమీద పడకముందే మెదడులో ఆ కోరిక లేస్తుంది. ఆ కోరిక ఎలా ఉందో పరికరం రాసుకుంది. వెంటనే పడే క్లిక్కు ఏదో దానికి ముందే తెలుసు. ఆరువందల ఆటలయ్యేసరికి, ఏ కోరికకి ఏ క్లిక్కో నేర్చేసుకుంది. ఆ తర్వాత పాత ఆటలు ఆపి, కొత్త ఆట ఇచ్చారు. మొదటిరోజు సులోచన ఒళ్ళు కదలకుండా, చూపుతోనూ కాదు, కేవలం కోరికతో, ఒక కూలివాణ్ణి చెట్టు దగ్గరికి నడిపించింది. ల్యాబ్‌లో అందరూ ఏడ్చారు.

పరికరం చదవడానికి సంకేతం గట్టిగా ఉండాలి. అందుకని మెదడుకి చిన్న కరెంటు అందిస్తారు, కోరికని కాస్త ముందుకు తొయ్యడానికి. ఎంత కరెంటు కావాలో ఆటలే తేల్చాయి. గురువారం పెట్టబోయే శాశ్వత పరికరంలో ఆ కరెంటు స్థిరంగా ఉండిపోతుంది. తర్వాత మార్చాలంటే మళ్ళీ పుర్రె తెరవాల్సిందే.

పెళ్ళి శుభలేఖ ఇచ్చినప్పుడు కామాక్షి మేడం ఒకటే షరతు పెట్టింది. "ల్యాబ్ మాట ఇంట్లో వద్దు. ఇంటి మాట ల్యాబ్‌లో వద్దు. ఆటలు జరిగే గదిలోకి నీ భర్త రాకూడదు, నువ్వూ వెళ్ళకూడదు. నీకు అంకెలొస్తాయి, అవి చూసుకో." హైమ సంతకం చేసింది. నాలుగు నెలలుగా ఆ మాట తప్పలేదు.

*

"ఇవాళ శనివారం. నీకు సెలవు, నాకు కాలేజీ లేదు," అన్నాడు దినకర్, టిఫిన్ అయ్యాక. "పండగ చేసుకుందాం. సప్తదుర్గం ఆడదాం రా."

"నాకు రాదు కదా."

"ఆరువందల ఆటల్ని కోసి కూర వండావు, ఒక్కటీ తినలేదా?"

"వంటవాళ్ళు అంతేలే."

రెండు ల్యాప్‌టాప్‌లు మంచం పక్కనే వేసుకున్నారు, వదినకి కనిపించేలా. ఆట తెరుచుకుంటూనే ఒక వీణ తీగ మోగింది. ఒక్కటే తీగ, కాస్త శ్రుతి తప్పి. దినకర్ కళ్ళు మూసుకుని విన్నాడు. బొమ్మలు ఇప్పటి లెక్కన మోటువే. చెట్లన్నీ ఒకే చెట్టు. కానీ హైమ ఒక కూలివాణ్ణి నొక్కగానే వాడు "చెప్పండమ్మా" అన్నాడు. ఇంకోసారి నొక్కితే "ఇప్పుడే కదమ్మా చెప్పారు" అన్నాడు. ఆమె నవ్వీ నవ్వీ వాణ్ణి పదిసార్లు నొక్కింది. పదోసారి వాడు తలపాగా తీసి నేలకేసి కొట్టాడు.

"ఇది ఎవరు పెట్టారు దినూ, ఎంత బాగుందో!"

"అదే మరి. ఎవరో కుర్రాళ్ళు అద్దెగదిలో కూర్చుని చేశారట. చూడు, వాన పడితే బండ్లు దిగబడతాయి. ఏనుగుని గుమ్మంలోంచి పంపావనుకో, ఇరుక్కుంటుంది. అది తప్పే, సాఫ్ట్‌వేర్ తప్పు. కానీ మేం దాన్ని సరిచేసిన కొత్త సీడీ కొనలేదు. ఏనుగు ఇరుక్కోని కోట ఏం కోట?"

హైమకి నిజంగానే నచ్చింది. ఒక మూల తన మనుషులు చెరువు తవ్వుతూ ఉంటే ఇంకో మూల ఏం జరుగుతోందోనని గుండె కొట్టుకోవడం నచ్చింది. చీకటి కమ్మిన పటంలో ఒక్కొక్క అడుగూ వెలుగు పరుచుకోవడం నచ్చింది. ఇన్నాళ్ళూ తను అంకెలుగా చూసిన దాని లోపల ఇంత సందడి ఉందా అనుకుంది. ఇరవై నిమిషాల్లో చిత్తుగా ఓడిపోయింది. కోటలు పోయాయి, చెరువు పోయింది. తలపాగా కొట్టినవాడు కూడా పోయాడు. ఒక మూల ఒక గుడిసె మిగిలింది. దినకర్ సైన్యం దాని చుట్టూ నిలబడింది.

నిలబడి, ఆగిపోయింది.

దినకర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏంటి? కాల్చెయ్యి మరి," అంది హైమ.

"ఛ. ఆఖరి గుడిసె కాలుస్తారా ఎవరైనా?"

"అంటే?"

"అక్క వాళ్ళ హాస్టల్ మర్యాద అది. గెలిచినవాళ్ళు ఆఖరి గుడిసె దగ్గర ఆగాలి. ఓడినవాళ్ళు సంధి జెండా నొక్కాలి, లేదా నోటితో 'చాలు' అనాలి. అప్పుడే ఆట అయినట్టు. గుడిసె కూడా తగలబెట్టినవాళ్ళు ఆ వారమంతా అందరి టీ గ్లాసులూ కడగాలి. సెలవులకి వచ్చినప్పుడు అక్క నాతో కూడా అలాగే ఆడేది. నేను మొండికేసి చాలు అనేవాణ్ణి కాదు. గంటసేపైనా అలా కూర్చునేది, కాల్చేది కాదు. ఏం, ఏమైంది నీకు?"

హైమ మొహంలో రక్తం లేదు. లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచి బాల్కనీ దాకా వెళ్ళి వచ్చింది.

నలభై నాలుగు.

ల్యాబ్‌లో కంప్యూటర్‌తో ఆడిన ఆటల్లో నలభై నాలుగు సార్లు సులోచన అన్నీ గెలిచి, శత్రువుకి ఒకే ఒక్క గుడిసె మిగిలి ఉండగా ఆగిపోయింది. తెరమీద "విజయం" అని పడితేనే ఆట పూర్తయినట్టు లెక్క. పడలేదు కాబట్టి వాటన్నిటి పక్కనా హైమే రాసింది: అలసట వల్ల సంకేతం కుంగింది. నాలుగు విఫలాలైతే కరెంటు ఒక మెట్టు పెంచాలని నియమం. పదకొండు మెట్లు పెంచారు. పదకొండో మెట్టు మీద గుడిసె కాలింది. ఆ తర్వాత దాదాపు ప్రతిసారీ కాలింది. నూటికి తొంభై మూడు ఆటలు పూర్తయ్యాయని, ఆపరేషన్‌కి అనుమతి ఇచ్చే కమిటీకి రాశారు. ఎడమ రెప్ప బరువెక్కుతోందని ఎవరో అంటే, రెప్పని కదిలించే చోటు పక్కనే ఉంది కాబట్టి కరెంటు కాస్త అటు ఒలుకుతోందని తేల్చారు. చెయ్యి వచ్చాక రెప్పతో పనేముంది అన్నారు.

కంప్యూటర్‌కి సంధి చెయ్యడం రాదు. చాలు అనడం రాదు.

మరి పాత ఆటల్లో ఆ జెండా ఎందుకు కనిపించలేదు? కనిపించింది. ప్రతి ఆట చివరా అవతలి మనిషి నొక్కిన ఒక క్లిక్కు ఉండేది. పరికరం తికమకపడకుండా అవతలివాళ్ళ క్లిక్కులన్నీ ఏరి పారేసింది తనే. రెండు రోజుల్లో పని పూర్తి చేసిందని మేడం మెచ్చుకుంది కూడా.

"దినూ," అంది. "సంతకం చేశాను కానీ, ఇక ఆగలేను. విను."

చెప్పింది. దినకర్ వింటున్నంతసేపూ మూత పెట్టని ల్యాప్‌టాప్ వైపే చూశాడు. అందులో గుడిసె పొయ్యి మీంచి సన్నగా పొగ లేస్తోంది.

"నన్ను ఒక్కసారి ఆ గదిలోకి రానిచ్చి ఉంటే," అన్నాడు చివరికి. "ఒక్క చూపు చాలేది హైమా."

"తెలుసు."

"అక్కని ఎవరూ అడగలేదా?"

"అడగాలని తెలిస్తే కదా! వదిన అడిగినదానికే జవాబు చెప్పగలదు. ఇది అడగాలని మాకెవరికీ తోచలేదు."

ఇద్దరూ మంచం వైపు తిరిగారు. సులోచన కన్ను వాళ్ళ మీదే ఉంది. ఎప్పట్నుంచి ఉందో.

హైమ మోకాళ్ళ మీద కూర్చుని వదిన చెయ్యి పట్టుకుంది. "వదినా, తొందర లేదు. ఆఖరి గుడిసె దగ్గర చేతకాక ఆగావా?"

రెప్ప దిగింది. దినకర్ ఎత్తాడు. మళ్ళీ దిగింది. కాదు.

"నువ్వే కావాలని ఆగావా?"

ఒకసారి.

"కంప్యూటర్ జెండా ఎత్తుతుందనా?"

రెండుసార్లు. రెండోది సగంలోనే నిలిచిపోయింది.

హైమ ఇంకాస్త ముందుకి వంగింది. "మరి మా కోసమా? గదిలో ఉన్నవాళ్ళలో ఎవరో ఒకళ్ళు చాలు అంటారనా?"

ఒకసారి. దిగిన రెప్ప అలాగే ఉండిపోయింది, తడి మాత్రం పక్కకి జారింది.

దినకర్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. హైమకి ఇంకో ప్రశ్న ఉంది. అడగకుండా ఉండాలని ఎంతో అనిపించింది. అడిగింది.

"కరెంటు పెంచాక కాలిన గుడిసెలు... అవి నువ్వు కాల్చినవేనా?"

దినకర్ వేలు రెప్ప కింద పెట్టి ఉంచాడు. ఆ వేలి మీద రెండుసార్లు, పిచ్చుక ముక్కుతో పొడిచినంత మెత్తగా, ఆ రెప్ప ఆనింది.

కాదు.

"ఆపరేషన్ కావాలా వదినా?"

ఒకసారి. ఈసారి త్వరగా.

"ఈ కరెంటుతో?"

రెండు. చాలాసేపు పట్టింది. మధ్యలో దినకర్ "చాలక్కా, తెలిసింది," అన్నా ఆమె ఆగలేదు. రెండోదీ పూర్తి చేసే వదిలింది.

*

శనివారమైనా కామాక్షి మేడం ల్యాబ్‌లోనే ఉంది. కిటికీ దగ్గర నిలబడి డబ్బాలోంచి పెరుగన్నం తింటోంది. హైమని చూసి, "మిఠాయి ఏది?" అంది.

హైమ కూర్చోలేదు. చెప్పడం మొదలుపెట్టింది. మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత ఒకే ఊపున. మేడం చెంచా డబ్బాలో పెట్టేసింది.

"హాస్టల్ మర్యాద," అంది. "అది కమిటీకి ఏ భాషలో రాయమంటావు? మీ ఆయన చెప్పాడు, మీ వదిన రెప్ప వాల్చింది. నువ్వు ఇంటి కోడలివి. ఇందుకే కదా షరతు పెట్టాను."

"నా మాట నమ్మొద్దు మేడం. అంకెలు చూడండి."

తెర తెరిచింది. ఒక పక్క నలభై నాలుగు విఫలాల చివరి నిమిషాలు. అలసట అని తను రాసిన చోట గీత నిజంగా కుంగిందా? కుంగలేదు. నిటారుగా, గట్టిగా, వణుకు లేకుండా ఉంది. ఇన్నాళ్ళూ క్లిక్కు వచ్చిందా లేదా అనే చూశారు గానీ, రానప్పుడు లోపల ఏముందో చూడలేదు. ఇంకో పక్క, మొదటి నెలల్లో సులోచన తన పాత ఆటలు చూస్తున్నప్పటి గీతలు. ఆమె ఆగి, అవతలి అమ్మాయి జెండా ఎత్తేదాకా కాచుకున్న ఆ కొన్ని క్షణాలు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి జరిపింది.

అతుక్కుపోయాయి.

మేడం దగ్గరికి వచ్చి చూసింది. ఇంకో ఆట తీయమంది. ఇంకోటి. పన్నెండు చూసింది. హైమ చున్నీ కొసని ముడి వేసి, విప్పి, మళ్ళీ ముడి వేసింది.

"ఇది కుంగిన సంకేతం కాదు," అంది మేడం మెల్లిగా. "పట్టి ఆపుతున్న సంకేతం. ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టింది. మనం యాక్సిలరేటర్ తొక్కాం."

"పదకొండు మెట్లు మేడం."

"వద్దన్న పనిని ఆవిడ చేత చేయించి, నూటికి తొంభై మూడు అని రాశాం."

"అవతలివాళ్ళ క్లిక్కులు తీసేసింది నేనే."

"తియ్యమని చెప్పింది నేను." ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఒక్కసారిగా పదేళ్ళు మీద పడ్డట్టు కనిపించింది. "రెప్ప సంగతి అడుగుతావేమో. కరెంటు తగ్గిస్తే తిరిగి వస్తుందా అని. తెలీదు. కొంత రావచ్చు, రాకపోవచ్చు. నాకు తెలీదు హైమా."

నాలుగేళ్ళలో ఆవిడ నోట ఆ మాట హైమ వినలేదు. బయట సముద్రం వైపు నుంచి గాలి వీచి కిటికీ రెక్క కొట్టుకుంది. మేడం ఫోన్ తీసి ఎవరికో చేసింది. "గురువారం వద్దు. లేదు, వాయిదా కాదు, రద్దు. కారణం రాసి పంపుతాను. ఆ తొంభై మూడు కూడా వెనక్కి తీసుకుంటున్నాను." అవతల ఎవరో గట్టిగా ఏదో అన్నారు. ఆవిడ విని, పెట్టేసింది.

"అయితే వదినకి చెయ్యి?" అంది హైమ. ఆ ప్రశ్న అడగడానికి పెద్ద ధైర్యమే కావాల్సివచ్చింది.

"మొదటి మెట్టు కరెంటుతో మళ్ళీ మొదలుపెడదాం. ఎదురుగా మనిషి ఉంటే అది చాలుతుందేమో. ఇప్పటిదాకా మనిషిని కూర్చోబెట్టి చూడలేదుగా."

"దినకర్ రెడీగా ఉన్నాడు మేడం, వదిన దగ్గర పక్కింటావిడని ఉంచి వచ్చాడు, కింద బండి మీదే కూర్చుని—"

"వీల్లేదు. తమ్ముడు ఎదురుంటే ప్రేమతో ఆగిందంటారు. ఇంటి మనిషి కాకూడదు. ల్యాబ్ మనిషే కావాలి. కరెంటు పెంచినవాళ్ళలో ఒకళ్ళు."

"ఎవరు కూర్చుంటారు?"

కామాక్షి మేడం పెరుగన్నం డబ్బా మూత పెట్టి, బల్ల మీద దాన్ని అటూ ఇటూ జరిపింది.

"నేనే. ఆట రాదు. ఏనుగులెక్కడుంటాయో కూడా తెలీదు. అదీ మంచిదే, త్వరగా ఓడిపోతాను. నువ్వు వెళ్ళి ఆవిడకి ఈ మాట చెప్పు, ఒప్పుకుంటుందో లేదో కూడా అడుగు. ఒప్పుకుంటే రేపు పదిన్నరకి తీసుకురండి. ఇంట్లో అందరూ రండి, మీ ఆయన్ని గదిలోకే రమ్మను. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ, అందరి ముందూ, నేను చాలు అంటాను."